వృత్తి విద్యా కళాశాలలో వికలాంగ విద్యార్థి – అధ్యాపకుని ధర్మము

నాటాల్‌లోని మన తెలుగు కుటుంబములలో ఒక ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయురాలో ఉన్న ఇండ్లు చాలా కలవు. అట్లే, పైకి చెప్పుకొనకపోయినా, చూపు లేని బిడ్డ, వినికిడి లేని బిడ్డ, నడవలేని బిడ్డ, చదువు ఆలస్యముగా పట్టుబడే బిడ్డ ఉన్న ఇండ్లు కూడా కలవు. ఈ ఉపాధ్యాయుడూ ఈ బిడ్డా ఒకరికొకరు ఎదురుపడవలసిన చోటు ఒకటి ఉన్నది. అది పాఠశాల తరువాతి వృత్తి విద్యా కళాశాల. అక్కడ చట్టము ఏమి చెప్పుచున్నది, అధ్యాపకుని వృత్తి ప్రమాణములు ఏమి కోరుచున్నవి, మనము ఏమి అడగవలెను అను సంగతులను ఈ వ్యాసములో మా శక్తి కొలది వివరించదలచినాము.

వికలాంగ బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులకు రాత్రిపూట నిద్ర పట్టనీయని ప్రశ్న ఒకటున్నది. "మేము కన్ను మూసిన తరువాత వీనికి దిక్కెవరు?" అన్నదమ్ములు చూస్తారు, మేనత్త చూస్తుంది, దేవుడు చూస్తాడు అని సర్ది చెప్పుకొంటాము. కాని చేతిలో ఒక పని, ఆ పనికి ఒక సర్టిఫికెటు ఉంటే ఆ ప్రశ్న బరువు కొంత తగ్గుతుంది. కనుక ఇది ప్రభుత్వ కార్యాలయముల సంగతి అని ప్రక్కన పెట్టదగినది కాదు. మన ఇంటి సంగతి.

ఈ కళాశాలలు ఏమిటి?

"ఫర్దర్ ఎడ్యుకేషన్" అను మాట మనకు ఇంగ్లాండు నుండి వచ్చినది. పాఠశాలకు, విశ్వవిద్యాలయమునకు నడుమ నిలిచి, ఒక వృత్తిని నేర్పు చదువు అని స్థూలముగా దాని అర్థము. దక్షిణాఫ్రికాలో 1998లో ఒకసారి, 2006లో మరియొకసారి దీనికి చట్టములు చేసినారు. 150కి పైగా ఉన్న పాత సాంకేతిక కళాశాలలను కలిపి 50 ప్రభుత్వ కళాశాలలుగా ఏర్పరచినారు. మొదట వాటిని ఎఫ్.ఇ.టి. కళాశాలలు అనేవారు. ఇప్పుడు టీవెట్ కళాశాలలు అంటున్నారు. క్వాజులు-నాటాల్‌లో ఇట్టివి 9 ఉన్నవి. డర్బన్‌లో తెక్విని, ఆ చుట్టుపట్ల కోస్టల్, ఎలంగేని, న్యూకాసిల్‌లో మజుబా మన వారికి తెలిసిన పేర్లే.

విద్యుత్ పని, మోటారు యంత్రముల పని, కట్టడపు పని, వంటశాల నిర్వహణ, కార్యాలయ నిర్వహణ, లెక్కలు వ్రాయుట, పసిపిల్లల సంరక్షణ మొదలగు వృత్తులను వీటిలో నేర్పుతారు. 2007లో ప్రవేశపెట్టిన ఎన్.సి.వి. అను సర్టిఫికెటులో రెండవ స్థాయి నుండి నాలుగవ స్థాయి వరకు మూడు మెట్లు ఉన్నవి. ప్రతి మెట్టులోను ఏడు విషయములు. వాటిలో మూడు సామాన్యము, నాలుగు వృత్తికి సంబంధించినవి.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలు అనేవారు. ఈ కళాశాలలు ఆ సామెతకు ఎదురు నిలిచినవి. పాఠశాలలో వెనుకబడినవారు, చదువు మధ్యలో మానినవారు, ఇరవై ముప్పై యేండ్ల వయస్సులో మరల పుస్తకము పట్టినవారు ఇక్కడికి వస్తారు. చిన్ననాడు సరియైన సహాయము దొరకక చదువు పోగొట్టుకొన్న వికలాంగులకు ఇది రెండవ ద్వారము. ఆ ద్వారము కూడా మూసుకుంటే మూడవది దొరకుట కష్టము.

మనకు ఈ విషయము ఎందుకు తెలియవలెను?

మన పూర్వీకులలో మొదటివారిని తెచ్చిన "ట్రూరో" ఓడ మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ చేరినది. 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా ఈ గట్టున దిగినారు. ఓడ ఎక్కుటకు ముందు ప్రతివారిని వైద్యుడు పరీక్షించేవాడు. ఆ పరీక్షలో తేల్చవలసినది ఒక్కటే: ఈ దేహము తోటలో పని చేయగలదా, చేయలేదా? ఓడ పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు వ్రాసి, వాటి ప్రక్కన ఎత్తును, ఒంటి మీది మచ్చలను కూడా వ్రాసినారు. అయిదేండ్ల ఒప్పందము, మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము. దేహమునకు కట్టిన వెల అది.

కండబలమును బట్టి మనిషిని లెక్కించు ఆ చూపునకు లోబడినవారి సంతతి మనము. అటువంటి చూపును మనమే మన ఇంటి బిడ్డ మీద వేయుచున్నామా అని ఆలోచించుట అవసరము. "వీడు ఏ పనికి పనికివస్తాడు?" అను మాట మన ఇండ్లలో ప్రేమతోనే, దిగులుతోనే వినబడుతుంది. కాని ఆ మాట ఆ పాత పరీక్ష గదిలోని మాటే.

మరియొక సంగతి. ఈ దేశములో మన వారికి వృత్తి విద్య ఎవరో పిలిచి ఇచ్చినది కాదు. తోటకూలీల పిల్లలకు చదువెందుకు అను రోజులలో మన పెద్దలు చందాలు వేసికొని పాఠశాలలు కట్టినారు. సాంకేతిక విద్య కొరకు 1929 నుండి డర్బన్‌లో సాయంకాలపు తరగతులు నడిపినారు. 1890లో తానే ఒప్పంద కూలీగా మలబారు తీరము నుండి వచ్చిన హాజీ ఎం. ఎల్. సుల్తాన్ గారు తరువాత సంపాదించిన ధనమును ధారాళముగా ఇచ్చుటవలన 1946లో ఆయన పేరిట సాంకేతిక కళాశాల రూపు దాల్చినది. జాతిమత భేదము లేక అందరికీ చదువు అందవలెనని ఆయన కోరిక. ఆ సంస్థ 2002లో మరియొక సంస్థతో కలిసి, నేడు డర్బన్ సాంకేతిక విశ్వవిద్యాలయముగా ఉన్నది. "ఈ చదువు మీకు కాదు" అను మాటను ఎదిరించి కట్టుకొన్న సంస్థ అది. అదే మాట నేడు వికలాంగ యువకుడు వినుచున్నప్పుడు మనము ఊరకుండుట తగదు.

వర్ణవివక్ష కాలములో వికలాంగుల పాఠశాలలను కూడా జాతులవారీగా వేరు చేసినారు. డర్బన్‌లోని వి. ఎన్. నాయక్ బధిర పాఠశాల, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని ఆర్థర్ బ్లాక్సల్ అంధ పాఠశాల మన పిల్లలలో ఎందరికో అక్షరము నేర్పినవి. ఆ సేవ గొప్పది. అయితే పాఠశాల ముగిసిన మరునాడు ఆ బిడ్డ ఎక్కడికి పోవలెను అను ప్రశ్నకు జవాబు పాఠశాల ఒక్కటే చెప్పలేదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1996 నాటి రాజ్యాంగములో 9వ నిబంధన వైకల్యము కారణముగా అన్యాయమైన వివక్ష చూపరాదని చెప్పుచున్నది. 29వ నిబంధన ప్రకారము పాఠశాల తరువాతి విద్య కూడా హక్కే. దానిని క్రమక్రమముగా అందరికీ అందుబాటులోనికి తెచ్చుటకు ప్రభుత్వము తగిన చర్యలు తీసికొనవలెను.

2000 సంవత్సరపు సమానత్వ చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. వికలాంగునికి అవసరమైన సహాయ సాధనమును నిరాకరించుట వివక్ష. అడ్డంకులను తొలగించకుండుట, అతని అవసరమునకు తగిన సర్దుబాటు చేయకుండుట కూడా ఆ చట్టము దృష్టిలో వివక్షే. అనగా "మేము ఎవరినీ పొమ్మనలేదు, అతనే మెట్లు ఎక్కలేక పోయినాడు" అని సంస్థ తప్పించుకొనుటకు వీలు లేదు. ఇట్టి ఫిర్యాదులను వినుటకు సమానత్వ న్యాయస్థానములు ఉన్నవి.

2001 జూలైలో వెలువడిన ఆరవ శ్వేతపత్రము ఆలోచనా విధానమునే మార్చినది. అంతకు ముందు "ఈ బిడ్డలో ఏమి లోపమున్నది?" అని అడిగేవారు. ఈ పత్రము "నేర్చుకొనుటకు అడ్డు ఏమున్నది?" అని అడిగినది. అడ్డు మెట్లు కావచ్చును, పుస్తకము కావచ్చును, బోధించు పద్ధతి కావచ్చును. ఇంగ్లాండులో 1996లో ప్రొఫెసర్ జాన్ టామ్లిన్‌సన్ అధ్యక్షతన వెలువడిన నివేదిక కూడా అక్కడి కళాశాలలకు ఇదే బోధించినది. లోపమును విద్యార్థిలో వెదకుట మాని, కళాశాల ఇచ్చు బోధన అతని అవసరమునకు అతుకుచున్నదా లేదా అని చూడవలెనని దాని సారాంశము.

2007లో దక్షిణాఫ్రికా వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒడంబడికను ఆమోదించినది. 2018లో పాఠశాల తరువాతి విద్యా సంస్థల కొరకు ప్రత్యేకముగా వికలాంగుల విధాన చట్రము ప్రకటింపబడినది. 2022 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానము మరియొక అడ్డంకిని తొలగించినది. 1978 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఒక పుస్తకమును బ్రెయిలీలోనికో, అంధులు వినగల రూపములోనికో మార్చుటకు హక్కుదారుని అనుమతి కావలసియుండెను. అది రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2023 జూలైలో దక్షిణాఫ్రికా సంకేత భాష ఈ దేశపు పన్నెండవ అధికార భాష అయినది. తెలుగును నిలుపుకొనుటకు ఇంత శ్రమపడుచున్న మనకు, ఒక భాషకు గౌరవము దక్కుట అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

వృత్తి ప్రమాణము అనగా ఏమి?

చట్టములు ఇన్ని ఉన్నా, ఉదయము ఎనిమిది గంటలకు తరగతి గదిలో నిలుచునది అధ్యాపకుడే. ఆయన బోధన మారనిచో చట్టము కాగితము మీదనే ఉంటుంది.

టీవెట్ అధ్యాపకులలో చాలామంది మంచి పనివారు. ఏండ్ల తరబడి కర్మాగారములలోను, హోటళ్ళలోను పనిచేసి, ఆ అనుభవముతో బోధనకు వచ్చినారు. తీగ ఎట్లు అల్లవలెనో వారికి బాగుగా తెలియును. కాని తెలిసినదానిని నేర్పుట వేరొక విద్య. దీనిని గుర్తించి 2013 జూన్‌లో ప్రభుత్వము ఈ కళాశాలల అధ్యాపకుల వృత్తి అర్హతలపై ఒక విధానమును ప్రకటించినది. దాని ప్రకారము అధ్యాపకునికి విషయ జ్ఞానము, బోధనా జ్ఞానము, పరిశ్రమలోని పని అనుభవము మూడును ఉండవలెను. ఇందుకొరకు డిప్లొమా, డిగ్రీ, అడ్వాన్స్‌డ్ డిప్లొమా మొదలగు అర్హతలను నిర్ణయించినారు. విచిత్రమేమనగా, అదే 2013లో ఇంగ్లాండు తన కళాశాలల అధ్యాపకులకు 2007 నుండి ఉన్న తప్పనిసరి అర్హత నిబంధనలను ఎత్తివేసినది. ఆ తరువాత 2014లో అక్కడ వృత్తి ప్రమాణములను స్వచ్ఛంద పద్ధతిలో రూపొందించినారు. దారులు వేరైనా, అధ్యాపకుడు ఒక వృత్తికి చెందినవాడు, ఆ వృత్తికి కొలమానములు ఉన్నవి అను అభిప్రాయము రెండు దేశములలోను నిలిచినది.

మన ఉపాధ్యాయులకు బాగుగా తెలిసిన ఉపాధ్యాయ మండలి, అనగా సేస్, మరియొక ఆధారము. ఆ మండలిని గూర్చిన 2000 నాటి చట్టము పాఠశాలలతో పాటు ఈ కళాశాలలను కూడా పేర్కొన్నది. మండలి నీతి నియమావళి ప్రకారము ఉపాధ్యాయుడు ప్రతి విద్యార్థి ప్రత్యేకతను, ప్రత్యేక అవసరమును గుర్తించి అతని శక్తి వికసించునట్లు నడిపించవలెను. అతని గౌరవమును, ఆంతరంగిక విషయముల గోప్యతను కాపాడవలెను.

ఇక్కడ మేము గట్టిగా చెప్పదలచిన మాట ఒకటున్నది. మన సమాజములో వికలాంగునికి సహాయము చేయుటను పుణ్యకార్యమని భావిస్తాము. పుణ్యము మంచిదే. అయితే పుణ్యము చేయువాని ఇష్టము మీద ఆధారపడుతుంది. నేడు చేయవచ్చును, రేపు మానవచ్చును. వృత్తి ధర్మము అట్లు కాదు. రోగిని చూచి వైద్యుడు "ఈ రోగము వానికి నేను మందు ఇవ్వను" అనలేడు. అట్లే "ఈ రకపు విద్యార్థికి నేర్పుట నా పని కాదు" అని అధ్యాపకుడు అనరాదు. అందరికీ అందునట్లు నేర్పుట ఆయన నైపుణ్యములో భాగము. జీతము పుచ్చుకొనుచున్న పనిలో భాగము. విద్యార్థి దానిని చేతులు జోడించి అర్థించనక్కరలేదు.

మార్గము మార్చుట, ప్రమాణము తగ్గించుట

"వీరికి సడలింపులు ఇస్తే సర్టిఫికెటు విలువ పడిపోదా?" అని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పుటకు ముందు, పరీక్ష దేనిని కొలుచుచున్నదో తేల్చుకొనవలెను.

వంటశాల నిర్వహణ తరగతిలో చక్రాల కుర్చీలో కూర్చున్న విద్యార్థిని ఉన్నదనుకొందము. ఆమె శుచిగా, అపాయము లేకుండ, సకాలములో వంట చేయగలదా అన్నది పరీక్ష. బల్ల ఎత్తు పరీక్షలో భాగము కాదు. బల్లను తగ్గించినచో కూర రుచి తగ్గదు. అట్లే ప్రవేశ ద్వారము వద్ద మెట్లకు బదులు వాలుదారి. మన దేశపు కట్టడ ప్రమాణము ప్రకారము దాని వాలు 12కు 1 కంటె నిటారుగా ఉండరాదు. అనగా 30 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కుటకు 3.6 మీటర్ల పొడవు కావలెను. పేరుకు ఒక పలక వేసి వాలుదారి అనుట ప్రమాణము కాదు. అది ఆమెను వెనుకకు దొర్లించు అపాయము.

కార్యాలయ నిర్వహణ చదువు అంధ విద్యార్థి సంగతి చూతము. తెర మీది అక్షరములను చదివి వినిపించు సాధనములు ఉన్నవి. ఎన్.వి.డి.ఏ. అనునది ఉచితముగానే దొరుకుతుంది. కాని అధ్యాపకుడు పాఠమును ఫొటో తీసి పంపినచో ఆ సాధనము చదవలేదు; టైపు చేసిన ప్రతిని పంపినచో చదువుతుంది. అధ్యాపకునికి దీనివలన పైసా ఖర్చు లేదు. "ఇక్కడ ఉన్నదానిని అక్కడికి చేర్చండి" అని బోర్డు వైపు వ్రేలు చూపుటకు బదులు, ఏది ఎక్కడికి అని నోటితో చెప్పినచో చాలును. ఆ స్పష్టత చూపు ఉన్నవారికి కూడా మేలు చేస్తుంది.

విద్యుత్ తరగతిలో బధిర విద్యార్థి ఉన్నాడనుకొందము. అధ్యాపకుడు బోర్డు వైపు తిరిగి వ్రాయుచు మాట్లాడినచో పెదవుల కదలిక కనబడదు. సంకేత భాషా అనువాదకుడు ఉన్నా, చేతితో పని చూపుచు అదే క్షణములో వివరించినచో విద్యార్థి రెండు కన్నులు రెండు చోట్ల పెట్టలేడు. ముందు చూపవలెను, ఆగవలెను, తరువాత చెప్పవలెను. పాఠములో రాబోవు సాంకేతిక పదముల పట్టికను అనువాదకునికి ముందురోజే ఇవ్వవలెను. ఇవి చిన్న సంగతులుగా తోచును. కాని సంవత్సరమంతయు కలిపి చూచినచో ఉత్తీర్ణతకు, చదువు మానుటకు మధ్య ఉన్న తేడా ఇదే.

కంటికి కనబడని ఇబ్బందులు మరికొన్ని. అక్షరములు తారుమారుగా తోచు విద్యార్థి చేతిలో పనితనము ఉన్నా వ్రాత పరీక్షలో కూలిపోతాడు. అట్టివారికి అదనపు సమయము, ప్రశ్నను చదివి వినిపించువారు, చెప్పిన జవాబును వ్రాయువారు అను వెసులుబాట్లు ఉన్నవి. జవాబు మాత్రము విద్యార్థిదే. అయితే వీటికి పరీక్షకు చాలా ముందుగా, వైద్య పత్రములతో దరఖాస్తు చేయవలెను. పరీక్ష వారములో పరుగెత్తినచో పని జరగదు. ఆ గడువును గుర్తుచేయుట కూడా అధ్యాపకుని పనే.

ఇక ఏది సడలించరాదు? వృత్తి యొక్క మూలము. విద్యుత్ పనివాడు తీగను ముట్టుటకు ముందు సరఫరా నిలిచినదో లేదో పరీక్షించి తీరవలెను. అందులో ఎవరికీ మినహాయింపు లేదు. ఉండరాదు. ప్రమాణములు తెలిసిన అధ్యాపకుడు మూలము ఏది, అలవాటు ఏది అని విడదీయగలడు. అది తెలియనివాడు రెండు తప్పులలో ఒకటి చేస్తాడు: అన్నిటినీ బిగించి బిడ్డను పంపివేయుట, లేదా జాలిపడి రాని పనికి మార్కులు వేయుట. రెండవది కూడా అన్యాయమే. పని రానివానికి ఇచ్చిన సర్టిఫికెటు అతనిని ఉద్యోగపు మొదటి దినముననే అవమానము పాలు చేస్తుంది.

అపాయము అను అభ్యంతరము

"యంత్రముల మధ్య వీరికి ఏమైనా జరిగితే?" అను భయము మరియొకటి. భయము సహజము. కాని భయమును కొలిచి చూడవలెను. చెవిటివానికి గంట వినబడదు నిజమే; గంటతో పాటు వెలిగి ఆరు దీపమును అమర్చినచో కనబడుతుంది. చెవులు బాగున్నవారికి కూడా యంత్రముల హోరులో గంట వినబడని సందర్భములున్నవి. ఆ దీపము అందరినీ కాపాడుతుంది. మూర్ఛ వ్యాధి ఉన్న విద్యార్థి విషయములో వైద్యుని మాట విని, ఏ యంత్రము వద్ద, ఎవరి తోడుతో అని వివరముగా నిర్ణయించవలెను. కొన్ని పనులు నిజముగానే కొందరికి తగవు అని తేలవచ్చును. అట్లు తేలినప్పుడు కూడా, ఆ ఒక్క పని తగదని చెప్పి ఊరుకొనక, తగిన వేరొక వృత్తిని చూపుట కళాశాల బాధ్యత. విద్యార్థితో మాట్లాడకుండ, పేరు వినగానే తలుపు మూయుట భద్రత అనిపించుకొనదు.

అధ్యాపకుల వైపు నుండి

అధ్యాపకుల కష్టమును కూడా చెప్పకపోతే వ్యాసము ఒంటి పక్షమగును. నిండిన తరగతులు, పాత యంత్రములు, అనువాదకుల కొరత, శిక్షణ లేకుండగనే "ఇక మీద అందరినీ చేర్చుకొనుడు" అను ఆజ్ఞ, ఇవి వారి భారము. వృత్తి ప్రమాణము అధ్యాపకుని నెత్తి మీద పెట్టు మరియొక బరువుగా మాత్రమే ఉన్నచో అది నిలువదు. ప్రమాణము రెండు వైపుల పదును గల కత్తి. "ఈ పని చేయవలెను" అని అధ్యాపకునికి చెప్పునప్పుడే, "దీనికి కావలసిన శిక్షణ, సమయము, సాధనము ఇవ్వవలెను" అని యాజమాన్యమునకు కూడా చెప్పవలెను. ప్రమాణములు తెలిసిన అధ్యాపకుడు వాటి పేరిట తనకు కావలసినది అడగగలడు. మన వారిలో ఈ కళాశాలలలో పనిచేయువారు ఈ మాటను సిబ్బంది సమావేశములలో ఎత్తవలెనని మా కోరిక.

తల్లిదండ్రులు ఏమి అడగవలెను?

బిడ్డకు పద్దెనిమిది నిండునప్పుడు ఒక మలుపు ఉన్నది. అప్పటివరకు పెంచువారికి వచ్చుచున్న సంరక్షణ గ్రాంటు ఆ వయస్సుతో ఆగిపోతుంది. పెద్దవారి వైకల్య గ్రాంటుకు మరల దరఖాస్తు చేయవలెను. చాలా కుటుంబములు ఆ కాగితముల పనితో అలసి, చదువు సంగతిని మరచిపోతున్నవి. పదహారవ యేటనే కళాశాలను గూర్చి విచారించుట మంచిది. వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి.

మొదటిది: వికలాంగ విద్యార్థుల అవసరములను చూచు అధికారి ఎవరు? పేరు, గది తెలిసికొనండి.

రెండవది: ఈ వృత్తిలో తప్పనిసరి నైపుణ్యములు ఏవి? మా బిడ్డకు ఏది కష్టమని మీ అభిప్రాయము, ఎందుచేత?

మూడవది: పరీక్షలలో వెసులుబాట్లకు దరఖాస్తు గడువు ఎప్పుడు?

నాలుగవది: నెస్‌ఫాస్ సహాయములో సాధనములకు, తోడు మనిషికి ఏమి లభించును?

ఐదవది: పని అనుభవము కొరకు బయటి సంస్థకు పంపునప్పుడు అక్కడి సర్దుబాట్లు ఎవరు చూస్తారు? చదువు తరగతిలో సాగి, ఉద్యోగ శిక్షణ వద్ద ఆగిపోయిన సందర్భములు ఎక్కువ గనుక ఈ ప్రశ్నను మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యము, బిడ్డను వెంట తీసికొని వెళ్ళండి, అతనిని మాట్లాడనీయండి. అమ్మానాయనలే అన్నిటికీ జవాబు చెప్పినచో అధ్యాపకుడు కూడా రేపటి నుండి అతనిని ప్రక్కన పెట్టి మీతోనే మాట్లాడును. ఇంట్లో పిలుపును కూడా సరిచూచుకొనవలెను. కుంటివాడు, చెవిటిది, గుడ్డివాడు అని మన భాషలో పేరుకు బదులుగా వాడు మాటలు ఉన్నవి. వాటిని పలుకుచున్నంతకాలము, బయటివారు గౌరవించవలెనని మనము కోరుట ఎట్లు?

మన సభలు చేయదగినది

2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దేశములో అయిదేండ్లు దాటినవారిలో 7.5 శాతము మంది ఏదో ఒక వైకల్యము గలవారు. అనగా పదమూడు మందిలో ఒకరు. మన పండుగలలో, భజనలలో, తెలుగు తరగతులలో పదమూడు మందిలో ఒకరు కనబడుచున్నారా? కనబడనిచో వారు ఇంటిలోనే ఉన్నారని అర్థము.

మన సభలు మూడు పనులు చేయవచ్చును. మన హాళ్ళకు కొలత ప్రకారము వాలుదారులు వేయించుట ఒకటి. విద్యార్థి వేతనములు ఇచ్చునప్పుడు విశ్వవిద్యాలయములతో పాటు వృత్తి విద్యా కళాశాలలను, వాటిలో వికలాంగ విద్యార్థులను లెక్కలోనికి తీసికొనుట రెండవది. పదవీ విరమణ చేసిన మన ఉపాధ్యాయులు శనివారపు తెలుగు తరగతులతో పాటు, కళాశాల దరఖాస్తులు నింపుటలో, పరీక్ష వెసులుబాట్లు కోరుటలో ఈ కుటుంబములకు తోడుగా నిలుచుట మూడవది. దుకాణములు, కర్మశాలలు నడుపుచున్న మన వారు ఒక్కొక్క శిక్షణ స్థానము ఇచ్చినచో అయిదవ ప్రశ్నకు జవాబు దొరికినట్లే.

మన తాతలు చదువు రానివారైనను, తమ పిల్లలు చదువవలెనని కూలి డబ్బులలో నుండి పెన్నీలు ఏరి బడులు కట్టినారు. ఆ బడులలో చదివి ఉపాధ్యాయులైనవారి పిల్లలు నేడు కళాశాలలలో బోధించుచున్నారు. ఇంకను గడప ఇవతల నిలిచియున్న బిడ్డలు మన మధ్యనే ఉన్నారు. వారిలో ఒకరి పేరు మీకు ఈపాటికి గుర్తుకు వచ్చియుండును. రాబోవు చేరికల గడువు దాటక ముందే ఆ ఇంటికి వెళ్ళి, ఈ ఐదు ప్రశ్నలను వారి చేతిలో పెట్టవలసినదిగా మా పాఠకులను కోరుచున్నాము.